పొట్టి పెడల్

సకియుసా అరవలేదు. రెండు లారీల మధ్య నడుము నలిగిపోతున్న మనిషి అరవాలి కదా. అతను "అక్కా, ముందుకి... ముందుకి" అని రెండుసార్లు అన్నాడు. బల్ల మీద కాస్త జరిగి కూర్చోమని అడిగినంత మామూలుగా అన్నాడట, వెనక లారీవాడు చెప్పాడు. ముందు లారీలో ధన్‌పతికి ఆ మాట వినపడలేదు. ఆమె ఇంజిను ఆ క్షణంలో గొంతు చించుకుంటోంది. ఇంజిను అంత అరుస్తున్నా లారీ ముందుకి పోలేదు. వెనక్కి వచ్చింది.

నేను ఆరు లారీల వెనక ఉన్నాను. పరిగెత్తి వెళ్లేసరికి సకియుసా తన లారీ బంపరుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడనే అనుకున్నాను. దగ్గరికి వెళ్తే తెలిసింది, అతన్ని నిలబెట్టింది రెండు లారీలే. చెరకు గడల కొసలు అతని భుజాల మీద వాలి ఉన్నాయి. నన్ను చూసి "బావా, రాయి నేనే తీశాను" అన్నాడు. తప్పు ఒప్పుకున్నట్టు.  ఇరవై ఏళ్లుగా గేట్ల ముందు, ఆఫీసుల ముందు అరుస్తూ బతికినవాణ్ణి, ఆ మధ్యాహ్నం నా నాలుక ఎక్కడుందో నాకే తెలియలేదు.

మా ఫిజీలో లంబాసా చక్కెర మిల్లుకి చెరకు తోలేవాళ్లందరికీ ఆ ఎక్కుడు, ఆ ఏటవాలు రోడ్డు, తెలుసు. వంతెన దాటగానే మొదలై మిల్లు గేటు దాకా పోతుంది. సెప్టెంబరులో పొద్దున లైన్లో చేరిన లారీ సాయంత్రానికి గేటు చేరుతుంది. ఒక లారీ పొడవు కదలడం, ఆగడం. పావుగంటకి ఇంకో లారీ పొడవు. పది టన్నుల గడ వీపున వేసుకుని, ముప్పై ఏళ్ల ముసలి ఇంజిన్లతో. ఆ ఎక్కుడు మీద హ్యాండ్ బ్రేకు ఏ లారీనీ పూర్తిగా పట్టదు. అందుకని రాయి. ఆగిన ప్రతి లారీ వెనక చక్రం కింద ఒక రాయి ఉంటుంది. కదలాల్సి వచ్చినప్పుడు వెనక లారీవాడు దిగి, ముందు లారీ రాయి తీసి, ఈల వేస్తాడు. అతని రాయి అతని వెనకవాడు తీస్తాడు. హిందూస్తానీ అనీ, ఫిజియన్ అనీ అక్కడ లేదు. ఒకడి ప్రాణానికి ఒకడు రాయి.

ఆ రోజు సకియుసా రాయి తీసి ఈల వేశాడు. పక్కకి తప్పుకోబోతుండగా లారీ మూడడుగులు వెనక్కి జారింది. మధ్యలో ఉన్నది మూడడుగులే. ధన్‌పతి బ్రేకు తొక్కింది. తొక్కలేదని ఎవడైనా అంటే వాడు అబద్ధాలకోరు. తొక్కేసరికే అయిపోయింది.

పదకొండు మందిమి కలిసి లారీని ముందుకి నెట్టాం. సకియుసాని సాయంత్రం విమానంలో సువా పెద్దాసుపత్రికి పంపారు. నడుము ఎముక ముక్కలైందన్నారు. బతుకుతాడన్నారు. నడుస్తాడో లేదో చెప్పలేమన్నారు.

ధన్‌పతి తోలే లారీ శివ్‌చరణ్‌ది. పదకొండు లారీలున్న కాంట్రాక్టరు. వాటిలో ఇది అన్నిటికన్నా పాతది. దీన్ని ఇరవై ఏళ్లు తోలింది ధన్‌పతి మొగుడు బిస్రామ్. చక్కెర జబ్బు వచ్చి అతని రెండు కళ్లూ పోయాయి. రెండేళ్లుగా స్టీరింగు ముందు ధన్‌పతి కూర్చుంటోంది, పక్క సీట్లో బిస్రామ్ కూర్చుని చెవులతో లారీ తోలుతున్నాడు. ఈ మాట అందరూ నవ్వులాటకి అనేదే, కానీ నిజం. గేరు మార్చాలంటే ఆయన ముందే చెప్తాడు. టైరులో గాలి తగ్గితే ఆమెకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది.

పోలీసులు ధన్‌పతి లైసెన్సు తీసుకుపోయారు. శివ్‌చరణ్ అక్కడికక్కడే, సకియుసా రక్తం తారు మీద ఇంకా ఆరకముందే, అందరికీ వినపడేలా అన్నాడు. "నా లారీకి ఏ రోగమూ లేదు. ఆడదానికి ఎక్కుడు మీద లారీ లేపడం చేతకాలేదు. అంతే."

లారీలు పరీక్షించే ఆఫీసరు శుక్రవారం పొద్దున పదింటికి వస్తానని కబురు పంపింది. లారీలో లోపం ఉందని తేలితే ధన్‌పతి బయటపడుతుంది. లేదని తేలితే మనిషిని నలిపిన కేసు, జైలు, ఇక జన్మలో లారీ ముట్టుకోలేదు. గుడ్డి మొగుడితో ఆ తర్వాత ఏం చేస్తుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

నేను డ్రైవర్ల కమిటీ నాయకుణ్ణి. పేరు గజాధర్, పిలిచేది లీడర్ అని. కొందరు గౌరవంగా పిలుస్తారు, కొందరు వెటకారంగా. ఏడో క్లాసుతో బడి మానేశాను. ఇంజిన్లు విప్పడం, చట్టాలు చదవడం రెండూ నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సీజన్లో మా పోరాటం ఒక్కటే: ఇంజిను బలాన్ని చక్రాలకి అందించే క్లచ్ ప్లేట్లు కొత్తవి వెయ్యాలని. జులై నుంచి ఒకదాని తర్వాత ఒకటి లారీల లాగుడు తగ్గిపోయింది. తొక్కితే ఇంజిను లేస్తుంది, చక్రం లేవదు. "ప్లేటు అరిగింది, మీ బాస్‌ని అడుగు" అని ప్రతివాడికీ నేనే చెప్పాను. బాస్‌లు మార్చలేదు. ఇప్పుడు మనిషి నలిగాడు. నాకు ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

లైను ఆపేశాం. ఆఫీసరు వచ్చి తేల్చేదాకా ఏ లారీ కదలదు. అరవై లారీల గడ ఎండలో పులుస్తోంది. బుధవారం మధ్యాహ్నం నుంచి అందరం అక్కడే, లారీల నీడల్లో. ఎవరి ఆడవాళ్లో రొట్టెలు తెచ్చారు, ఎవరో ఉడకబెట్టిన కర్రపెండలం తెచ్చారు, తోటి డ్రైవరు టానియేలా చాప పరిచి కొబ్బరి చిప్పతో యంగోనా, ఆ మత్తు వేరు నీళ్లు, పంచాడు. సకియుసా తమ్ముడు అపిసాయి మాత్రం ఎవరితోనూ కూర్చోలేదు. అన్న లారీలో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఆ బంపరు వైపు ఎవరినీ పోనివ్వలేదు.

గురువారం మధ్యాహ్నం బిస్రామ్ దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఆ రోజు ఏం విన్నావో ఇంకోసారి చెప్పు. రేపు ఆఫీసరు ముందు ఇలాగే చెప్పాలి."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావయ్యా? నాకు పోయింది కళ్లు. మతి కాదు."

"చెప్పన్నా."

"ఈల వినపడింది. ధన్‌పతి హ్యాండ్ బ్రేకు దించింది. పెడల్ వదిలింది. బరువు మీద పడితే ఇంజిను గొంతు దిగాలి కదా? దిగలేదు. పైకి లేచింది. ఖాళీ లారీ తొక్కినట్టు లేచింది. తర్వాత మాడు వాసన. తర్వాత..." ఆయన ఆగిపోయాడు. 

"అంటే ప్లేటు జారింది."

"జారింది. ఎందుకు జారిందో నాకు తెలీదు."

"ఎందుకేంటి? అరిగిపోయింది. ఆ శివ్‌చరణ్‌గాడు మార్చలేదు."

"నిరుడు మార్చాడు" అంది ధన్‌పతి. రెండు రోజుల్లో ఆమె నోటినుంచి నేను విన్న మొదటి మాట అది. మోకాళ్లు ముడుచుకుని చక్రానికి ఆనుకుని కూర్చుంది. 

"పాతదాన్నే అరగదీసి మళ్లీ బిగించి ఉంటాడు వదినా. వాళ్ల సంగతి నాకు తెలీదా?"

"పెడల్ మాత్రం మరీ పొట్టిగా ఉంది లీడర్" అన్నాడు బిస్రామ్. "కాలు పెడితే చాలు, పట్టు వదిలేస్తుంది. నేను తోలిన ఇరవై ఏళ్లలో అలా లేదు."

"నువ్వు తోలిన ఇరవై ఏళ్లలో నీ మోకాళ్లు పోయాయి."

"మోకాళ్లు కాదురా నాయనా, కళ్లు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ధన్‌పతి కూడా మూతి కాస్త కదిపింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా ముఖం మీద నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

పొట్టి పెడల్ నేను పెట్టిందే. దాని సంగతి చెప్పాలి.

లైన్లో ఒక డ్రైవరు రోజుకి మూడొందల సార్లు క్లచ్ తొక్కుతాడు. మా పాత లారీల్లో ఆ పెడల్ తొక్కడమంటే బస్తా ఎత్తడమే. పైగా మొదటి అంగుళం ఊరికే దిగుతుంది. ఆ అంగుళంలో ఏ పనీ జరగదు. ఆ తర్వాతే లోపల బరువు తగులుతుంది. సీజన్ ముందు జూన్‌లో కమిటీ కూర్చున్నప్పుడు టానియేలా తన మోకాలు చూపించాడు. బొప్పాయికాయంత ఉంది. "ఏ పనీ చెయ్యని ఆ అంగుళం మన కాలు ఎందుకు మొయ్యాలి?" అన్నాను నేను. అందరూ అవునన్నారు. లారీ కింద పెడల్ నుంచి క్లచ్‌కి పోయే కడ్డీ ఉంటుంది. దాని చివర నట్టు బిగించుకుంటూ పోతే ఆ ఖాళీ పోతుంది. పెడల్ పొట్టిదవుతుంది. తొక్కీ తొక్కకముందే పట్టు వదులుతుంది. మొదట టానియేలా లారీకి చేశాను. వారంలో మా ఇంటి ముందు లైను కట్టారు. లీడర్ పెడల్ అని పేరు పెట్టారు. ఏ బాస్ చెయ్యని మేలు నా చేతులతో చేశాను. నలభై ఒక్క లారీలకి. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

శుక్రవారం పదింటికి ఆఫీసరు వచ్చింది. లిటియా అని ఫిజియన్ ఆవిడ, యాభై దాటి ఉంటాయి. తను కూడా ఒకప్పుడు వర్క్‌షాపులో పనిచేసిందని తర్వాత తెలిసింది. చేతిలో టార్చి, చంకలో కాగితాలు పెట్టిన అట్ట. ఎవరికీ నమస్కారం పెట్టలేదు, ఎవరి నమస్కారమూ కాదనలేదు. లారీని తూకం యంత్రం ముందు చదునైన చోటికి లాగించి, నాలుగు చక్రాలకీ రాళ్లు పెట్టించింది.

"ఎవరు పరీక్షిస్తారు? మీ మెకానిక్కా?" అని శివ్‌చరణ్‌ని అడిగింది.

"వాడి మెకానిక్ ముట్టుకోకూడదు మేడమ్" అన్నాను. "నేను చేస్తాను. అందరి ముందు. నా చేతులతో."

"చేసుకోనివ్వండి" అన్నాడు శివ్‌చరణ్. "ఉపన్యాసం ఇచ్చి ఇంజిన్ని కూడా యూనియన్లో చేర్చుకుంటాడేమో చూద్దాం."

ఎక్కాను. పక్క సీట్లో బిస్రామ్ ఎప్పటిలాగే ఉన్నాడు. దిగమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పరీక్ష సులువైనదే. హ్యాండ్ బ్రేకు వేసి, కాలితో బ్రేకు తొక్కి, పెద్ద గేరులో పెట్టి, ఇంజిను కాస్త లేపి క్లచ్ వదలాలి. చక్రాలు కదలలేవు కాబట్టి, క్లచ్ పట్టు బాగుంటే ఇంజిను అక్కడికక్కడ ఊపిరాడక ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ జారుతోందన్నమాట.

క్లచ్ వదిలాను. ఇంజిను ఆగలేదు. కాస్త మూలిగి, తిరుగుతూనే ఉంది.

లైను లైనంతా కేక వేసింది. టానియేలా టోపీ పైకి విసిరాడు. "చూశారా! చూశారా మేడమ్!" అని నేను కిటికీలోంచి అరిచాను. శివ్‌చరణ్ ముఖం ఎండిన ఆకులా అయింది. ధన్‌పతి రెండు చేతులతో నోరు మూసుకుంది.  బిస్రామ్ ఒక్కడే తల పక్కకి వాల్చి వింటున్నాడు.

"జారుతోంది" అంది ఆఫీసరు. అట్ట మీద రాసుకుంది. "ఎందుకు జారుతోంది?"

"ప్లేటు అరిగింది."

"చూసి చెప్పండి."

ఆవిడే వంగింది. క్లచ్ డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అందులో వేలు పెట్టి తీసింది. వేలికి నల్లటి పొడి అంటింది, తడి లేదు. "ఆయిల్ పడి జారడం లేదు." పక్కన మూత విప్పించి లోపలికి టార్చి వేసింది. నన్ను పిలిచి చూపించింది. ప్లేటు అంచు కనపడింది. మందంగా ఉంది. అరిగింది గానీ ఇంకా రెండు సీజన్లు ఆడుతుంది. ధన్‌పతి చెప్పింది నిజమే, నిరుటి ప్లేటు అది.

"పైకి అలాగే కనపడుతుంది మేడమ్" అన్నాను. 

"పెడల్ చేత్తో నొక్కండి."

నొక్కాను. మొదటినుంచే రాయిలా ఉంది.

"ఖాళీ ఏది?"

"మా లైన్లో ఇలాగే పెట్టుకుంటాం. మోకాళ్ల కోసం." అప్పటికీ గర్వంగానే చెప్పాను. అంత మొద్దువాణ్ణి.

ఆవిడ నా ముఖం వైపు కాసేపు చూసింది. "కిందికి వెళ్లి, కడ్డీ చివరున్న మీటని ఊపి చూడండి. బిగిసి ఉంటే నట్టు వదులు చెయ్యండి, మళ్లీ పరీక్షిద్దాం."

రెండు పానాలు తీసుకుని కిందికి దూరాను. ఎండకి తారు వీపుని కాలుస్తోంది. మీటని పట్టుకుని ఊపాను. అది కాస్త లటపటలాడాలి. వేళ్లతో ఊపితే చేతి గాజులా కదలాలి. కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని లాగాను. గోడలో పాతిన మేకులా ఉంది.

నేను నట్టు వైపు చూశాను. నట్టు పక్కన నా ఎర్ర రంగు గుర్తు ఉంది. ఎంత బిగించానో తెలియడానికి పెట్టుకున్న గుర్తు.

అప్పుడు అర్థమైంది. మెల్లగా కాదు. ఒక్కసారిగా. గుండెల మీద గేరుబాక్సు ఊడి పడినట్టు.

ఆ అంగుళం ఊరికే ఉన్న ఖాళీ కాదు. ప్లేటు అరిగేకొద్దీ లోపలి మీటలు వెనక్కి జరుగుతాయి. వాటికి చోటు కావాలి. ఆ చోటే ఆ అంగుళం. నేను దాన్ని నట్టుతో పూడ్చేశాను. బిగించిన కొత్తలో ఏమీ తెలియదు. ఆరు వారాలు అరిగాక లోపలి మీటలు వచ్చి కడ్డీకి తగిలి ఆగిపోతాయి. అప్పుడిక స్ప్రింగులు ప్లేటుని పూర్తిగా పట్టలేవు. డ్రైవరు కాలు తీసినా పెడల్ మీద ఇంకో కాలు ఉన్నట్టే. పగలూ రాత్రీ తొక్కిపెట్టిన కాలు.

ఆ కాలు నాది.

జులై నుంచి ఒక్కొక్క లారీ లాగడం మానేసింది ప్లేట్లు అరిగి కాదు. నేను బిగించి. నా పని వల్ల జారిన లారీలను చూపించి నేనే ఊరంతా కూడగట్టాను. గోడల మీద రాశాను. సువాలో ప్రభుత్వానికి ఉత్తరాలు రాశాను.

"లీడర్!" పైనుంచి బిస్రామ్ గొంతు. "పానా చప్పుడు లేదేం? ఏమైంది?"

 ఒక ఆలోచన వచ్చింది. రాలేదని చెప్పి మంచివాణ్ణని అనిపించుకోను. నట్టు తిప్పినట్టు చప్పుడు చేసి, తిప్పకుండా బయటికి వస్తే? మళ్లీ పరీక్షిస్తే ఇంజిను ఆగదు. బిగింపు సరి చేసినా జారుతోందని, ప్లేటుదే తప్పని ఆవిడ రాసుకుంటుంది. ధన్‌పతి బయటపడుతుంది. శివ్‌చరణ్ ఇరుక్కుంటాడు. వాడు చేసిన వంద పాపాలకి ఈ ఒక్కటి ఎక్కువేం కాదు. లారీ కింద నా చేతులు ఎవరికీ కనపడవు.

అలాగే చేసేవాణ్ణేమో. తల పక్కకి తిప్పాను, అంతే. లారీ కిందనుంచి ఎక్కుడు మొత్తం కనపడుతోంది. వరసగా చక్రాలు, చక్రాల వెనక రాళ్లు, రాళ్ల పక్కన కాళ్లు. చెప్పులు వేసుకున్న కాళ్లు, వట్టి కాళ్లు. లారీల మధ్య మూడడుగుల సందుల్లో నీడ కోసం కూర్చున్న మనుషులు. ఆఫీసరు తేల్చగానే లైను కదులుతుంది. కదిలే ముందు ఒక్కొక్కడూ వంగి ముందు లారీ రాయి తీస్తాడు.

 లాక్ నట్టు వదులు చేశాను. రెండో నట్టు వెనక్కి తిప్పాను. ఒక చుట్టు, రెండు, మూడు. మీట నా వేళ్ల కింద కాస్త కదిలింది. పెడల్ నొక్కి చూడమని ఆఫీసరుకి కేక వేశాను. "ఇప్పుడు అంగుళం ఉంది" అంది. లాక్ నట్టు బిగించి బయటికి వచ్చాను.

మళ్లీ ఎక్కాను. ఇంజిను లేపాను. జీవితంలో ఏ దేవుణ్ణీ ఏమీ అడగనివాణ్ణి. ఆ క్షణంలో అడిగాను, ఇంజిను ఆగకూడదని. ప్లేటు కూడా చెడి ఉండాలని. తప్పు సగమైనా ఇంకొకడిది కావాలని.

క్లచ్ వదిలాను. లారీ ఒక్క కుదుపు కుదిపింది. ఇంజిను చచ్చింది.

ఆవిడ మళ్లీ చెయ్యమంది. మళ్లీ చచ్చింది.

ఎవరూ కేక వెయ్యలేదు. మిల్లులో ఖాళీగా తిరుగుతున్న బెల్టు చప్పుడు వినపడుతోంది. "ఏమైంది బావా?" అన్నాడు టానియేలా. "మళ్లీ పెట్టు! సరిగ్గా పెట్టలేదు నువ్వు!"

మొదట అర్థమైంది శివ్‌చరణ్‌కే. "ప్లేటు బంగారంలా ఉంది!" అని చప్పట్లు కొట్టాడు. "నా లారీ బంగారం! ఇక ఈ మాట చెప్పాలి. నన్ను అడక్కుండా నా లారీ మీద చెయ్యి వేయించింది ఎవరు? ధన్‌పతీ, నిన్నే. ఆ నట్టు ఎవడు తిప్పాడు?"

ధన్‌పతి ముందుకి వచ్చింది. "నేనే తిప్పాను."

"నువ్వా?"

"నేనే. నా చేత్తో."

ఏ పానా ఏ నట్టుకో ఆమెకి తెలీదు. నేను లారీ దిగి ఆమె దగ్గరికి వెళ్లాను. "వదినా, ఏం మాట్లాడుతున్నావు?"

ఆమె నా వైపు చూడకుండా గొణిగింది. "నా లైసెన్సు ఎలాగూ పోయింది. నువ్వు కూడా పోతే వీళ్లందరికీ ఎవరున్నారు? నోరు మూసుకో."

అంతకు ముందు వరకూ నాకు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. జైలుకి పోబోతున్న మనిషి నన్ను కాపాడుతోంది. నన్ను! 

"అది తిప్పలేదు" అన్నాడు బిస్రామ్ పైనుంచి. "దానికి చేతకాదు."

"నేను తిప్పాను మేడమ్" అన్నాను. "ఈవిడ తిప్పలేదు. ఈవిడకి తెలీదు. జూన్‌లో నేను బిగించాను. నట్టు దగ్గర ఎర్ర గుర్తు నాదే."

శివ్‌చరణ్ పగలబడి నవ్వాడు. "విన్నారా! మీ లీడరు! ఇప్పుడు చెప్పవయ్యా నినాదం!"

ఆఫీసరు నవ్వలేదు. రాయడం ఆపి తలెత్తింది. "ఈ ఒక్క లారీయేనా?"

"నలభై ఒకటి" అన్నాను.

ఆవిడ ఎక్కుడు వైపు తిరిగింది. చేతిలో అట్ట మెల్లగా కిందికి దిగింది. ఫిజియన్‌లో ఏదో అంది. దేవుడి పేరు మాత్రం నాకు తెలిసింది. "అందులో ఇప్పుడు లైన్లో ఎన్ని?"

నాకు తెలీదు. నేను ఎక్కుడు వైపు నడిచాను. పరిగెత్తాను. వంతెన కొసకి వినపడేలా అరిచాను.

"ఎవరూ రాయి తియ్యొద్దు! లారీల మధ్య కూర్చున్నవాళ్లు బయటికి రండి! అందరూ లారీ ఎక్కండి. క్లచ్ పెడల్ చేత్తో నొక్కండి. కాలితో కాదు, చేత్తో. మొదటి అంగుళం తేలిగ్గా దిగాలి. దిగకపోతే చెప్పండి!"

"నువ్వు పెట్టిందేగా లీడర్, ఎలా దిగుతుంది?" అన్నాడు ఒకడు నవ్వుతూ. వాడికింకా తెలీదు.

"నొక్కరా! నేను పెట్టింది తప్పు! సకియుసాని నలిపింది అదే!"

నవ్వు ఆగిపోయింది. ఎక్కుడు పొడుగునా లారీ తలుపులు తెరుచుకున్నాయి.  తర్వాత మొదటి గొంతు వచ్చింది.

"దిగట్లేదు!"

"నాదీ దిగట్లేదు!"

"దిగట్లేదు లీడర్!"

పైనుంచి కిందికి, వంపు దాటి, నాకు కనపడని లారీల్లోంచి కూడా. దిగట్లేదు. దిగట్లేదు. కొందరికి కోపం, కొందరికి భయం, ఒక ముసలాయన ఏడుస్తూ చెప్పాడు. ముప్పై మూడు లెక్కపెట్టాను. టానియేలా లారీ దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. "మోకాలు చూపించింది నేనే కదా" అన్నాడు. రోడ్డు మీద చతికిలబడ్డాడు.

ఆఫీసరు నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకుంది. డ్రైవరు తప్పు లేదని రాసింది. నా మీద ఏం రాసిందో నేను అడగలేదు. "బిగించిన లారీలు సరి చేసి, నేను ఒక్కొక్కటీ చూశాకే లైను కదులుతుంది" అంది. ధన్‌పతి ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడింది. చదవడం ఆమెకి వచ్చు. అయినా మొగుడి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వేళ్లతో తడిమాడు.

నేను రెండు పానాలు తీసుకుని మొదట సకియుసా లారీ దగ్గరికి వెళ్లాను. దాని పెడల్ కూడా పొట్టిదే. నేను బిగించిందే. అపిసాయి దిగి, చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. రెండు రోజులుగా నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి.

"నువ్వు మా అన్న లారీ కిందికి పోవద్దు" అన్నాడు.

నేను అక్కడే ఆగాను. 

"పానాలు ఇలా ఇవ్వు."

ఇచ్చాను. అతనే కిందికి దూరాడు. మొన్నటి మరకల పక్కనే తారు మీద వెల్లకిలా పడుకున్నాడు. నేను రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని వంగాను.

"చెప్పు" అన్నాడు కిందనుంచి.

"ముందు చిన్న నట్టు. అది వదులు చెయ్యి. తర్వాత దాని వెనకది నీ వైపుకి తిప్పు."

పానా జారింది. అతను తిట్టుకున్నాడు. మళ్లీ పట్టుకున్నాడు. నట్టు కదిలిన చప్పుడు వినపడింది.

"ఎన్ని చుట్లు?"

"ఆ లారీకి మూడు పట్టాయి."

కింద చప్పుడు ఆగింది. "నిజమేనా? ఈసారి నిజంగా తెలిసే చెప్తున్నావా?"

నోరు తెరిచాను.  చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఎవరూ నా వైపు చూడటం లేదు, లారీ కింద కనపడుతున్న అపిసాయి కాళ్ల వైపు చూస్తున్నారు.

"చుట్లు లెక్కపెట్టకు" అన్నాను. "ఒక్కో చుట్టు తిప్పి, మీటని చేత్తో ఊపి చూడు. నా మాట నమ్మకు అపిసాయి. అది కదిలితే నీ చేతికే తెలుస్తుంది."